ఒక్కడే కొట్టాలా, నలుగురూ పంచుకోవాలా: ఏది మేలు?

ఫుట్‌బాల్ చూసే మిత్రులు నన్ను ప్రతి సీజన్‌లోనూ అడిగే ప్రశ్న ఒకటుంది. తమ జట్టు స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టడమే ముఖ్యమైన పనిగా ముందు ఆడేవాడు, వరసగా రెండు మ్యాచ్‌ల్లో గోల్ కొట్టకపోతే చాలు, ఫోన్ వస్తుంది: "మనవాళ్లు అతని మీద మరీ ఎక్కువ ఆధారపడుతున్నారంటావా?" అతను హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) కొట్టిన వారం మాత్రం ఎవరూ అడగరు. నిజానికి అడగాల్సింది ఆ వారమే.

మామూలుగా అందరూ చూసేది శాతం. జట్టు గోల్స్‌లో టాప్ స్కోరర్ వాటా ఎంత అని. దాంతో తేలేది తక్కువ. 2011-12లో బార్సిలోనా స్పెయిన్ లీగ్‌లో 114 గోల్స్ కొడితే 50 మెస్సీవి. 2022-23లో ఇంగ్లండ్ లీగ్‌లో టాటెన్‌హామ్ 70 కొడితే 30 హ్యారీ కేన్‌వి. రెండు చోట్లా వాటా 43, 44 శాతమే. కానీ బార్సిలోనా రెండో స్థానంలో నిలిచింది, టాటెన్‌హామ్ ఎనిమిదో స్థానానికి జారింది.

అందుకే నేను శాతం కట్టను, తీసివేత చేస్తాను. టాప్ స్కోరర్ గోల్స్ పక్కన పెట్టి, మిగిలినవి ఎన్నో చూస్తాను. బార్సిలోనాకి 64 మిగిలాయి. టాటెన్‌హామ్‌కి 40, అంటే 38 మ్యాచ్‌లకి మ్యాచ్‌కి ఒకటి చొప్పున. ఆ బార్సిలోనాని దాటి టైటిల్ గెలిచిన రియల్ మాడ్రిడ్ సంగతీ చూడండి. 121 గోల్స్, అందులో రొనాల్డోవి 46. అతన్ని తీసేసినా 75 ఉన్నాయి. హిగ్వాయిన్ 22, బెంజెమా 21 కొట్టారు. రొనాల్డోని ఎవరైనా కట్టడి చేసినా ఇంకా ఇద్దరితో వేగాలి.

నా అభిప్రాయం ఎటు మొగ్గుతుందో ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ మొగ్గు ఇంకా గట్టిపడింది ఎంబాపే క్లబ్ మారాక. 2023-24లో పారిస్ సెయింట్ జెర్మేన్ ఫ్రాన్స్ లీగ్‌లో 81 గోల్స్ కొట్టింది, అందులో ఎంబాపేవి 27, మిగతావాళ్లవి 54. ఆ వేసవిలో అతను రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌లో పారిస్ జట్టు 92 కొట్టింది. టాప్ స్కోరర్ డెంబెలేవి 21 పోగా 71 మిగిలాయి. యూరప్‌లోని మేటి క్లబ్బులన్నీ పోటీపడే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇంటర్ మిలాన్‌ని 5-0తో ఓడించి, క్లబ్ చరిత్రలో మొదటిసారి ఆ కప్పు ఎత్తింది.

ఇటు మాడ్రిడ్‌లో లెక్క తిరగబడింది. ఎంబాపే రాకముందు సీజన్‌లో 87 గోల్స్ కొట్టారు. టాప్ స్కోరర్ బెల్లింగమ్‌వి 19 తీసేస్తే 68 ఉన్నాయి. లీగ్, ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచారు. ఎంబాపే వచ్చాక అతను ఒక్కడే 31 కొట్టి స్పెయిన్ లీగ్‌లో టాప్ స్కోరర్ అయ్యాడు. జట్టు గోల్స్ మాత్రం 78కి దిగాయి, మిగతావాళ్ల వాటా 47కి పడిపోయింది. లీగ్‌లో రెండో స్థానం. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓటమి. తప్పంతా ఎంబాపే మీద వేయడం అన్యాయం. మిడ్‌ఫీల్డర్ క్రూస్ రిటైరయ్యాడు, డిఫెండర్లు మిలిటావ్, కార్వహాల్ మోకాళ్ల గాయాలతో దూరమయ్యారు. అయినా అంత గొప్ప ఫినిషర్ వచ్చి 31 గోల్స్ కొట్టిన ఏడాదే జట్టు మొత్తం తగ్గిందంటే ఆలోచించాలి కదా.

ఎందుకు తగ్గుతుంది? నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇక్కడే ఉంది. మిడ్‌ఫీల్డర్ కాలికి బంతి రాగానే అతని చూపు ముందు ఎవరిని వెతుకుతుంది? జట్టులో పెద్ద స్కోరర్ ఉంటే అతన్నే. మొదట్లో అది తెలివైన పనే. కానీ అవతలి వైపు నుంచి బాక్స్‌లోకి (గోల్ ముందు గీతలు గీసిన చోటులోకి) పరుగెత్తిన కుర్రాడికి బంతి రాదు. పది సార్లు పరుగెత్తినా రాదు. పదకొండోసారి అతను పరుగు ఆపేస్తాడు, బాక్స్ బయటే నిలబడి చూస్తాడు. ఇది బద్ధకం కాదు, మనిషి స్వభావం. మైదానం పక్క అంచున ఆడే వింగర్‌కి షాట్ కొట్టే చోటు దొరికినా పాస్ కోసమే తల తిప్పుతాడు. నాలుగు నెలలు ఇలా గడిచాక ఆ స్ట్రైకర్‌కి తొడ కండరం పట్టేస్తే, మిగతావాళ్లు ఒక్కసారిగా గోల్స్ కొట్టాలని మనం ఆశిస్తాం. కొట్టడం చేతగాక కాదు, అలవాటు పోయింది.

మాంచెస్టర్ సిటీ ఈ మాటకి రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 2021-22లో పెద్ద స్కోరర్ అనదగ్గ స్ట్రైకర్ లేకుండానే 99 గోల్స్ కొట్టి టైటిల్ గెలిచారు. 15 గోల్స్‌తో డిబ్రుయినే టాప్. మరుసటి ఏడాది స్ట్రైకర్ హాలాండ్ వచ్చి 36 కొట్టాడు, జట్టు మొత్తం 94. గోల్స్ కాస్త తగ్గాయి, కానీ లీగ్, ఎఫ్‌ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి. కాబట్టి పెద్ద స్కోరర్ వల్ల నష్టమే అని నేను అనను. ఆ ఛాంపియన్స్ లీగ్‌లో హాలాండ్ 12 గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్స్‌లో, ఫైనల్లో మాత్రం ఒక్కటీ లేదు. ఫైనల్లో గోల్ కొట్టింది మిడ్‌ఫీల్డర్ రోడ్రీ. ఇద్దరు డిఫెండర్లు హాలాండ్‌నే అంటిపెట్టుకుని ఉంటే వెనక నుంచి వచ్చేవాళ్లకి చోటు దొరికింది, ఆ చోటులోకి రావడం వాళ్లు మానలేదు. స్ట్రైకర్ గొప్పతనం గోల్స్ పట్టికలో కనపడని భాగం ఇది.

అదే సిటీ 2024-25లో మూడో స్థానానికి పడింది. హాలాండ్ గోల్స్ ముందటేడు 27, ఆ ఏడు 22. తగ్గింది ఐదే. జట్టు గోల్స్ మాత్రం 96 నుంచి 72కి పడ్డాయి. తీసివేత చేస్తే మిగతావాళ్లవి 69 నుంచి 50కి దిగాయి. అల్వారెజ్‌ని అమ్మేశారు, ఫోడెన్ 19 నుంచి 7కి పడిపోయాడు, రోడ్రీ సెప్టెంబర్‌లోనే మోకాలి గాయంతో కూలబడ్డాడు. ఆ సీజన్‌లో "హాలాండ్ మీదే ఆధారపడ్డారు" అన్న మాట చాలాసార్లు విన్నాను. జట్టు నిజంగా ఆధారపడ్డది రోడ్రీ మీద. టాప్ స్కోరర్ అందరి కళ్లకీ కనిపిస్తాడు కాబట్టి నింద అతనికి ముందు తగులుతుంది.

మరి గోల్స్ అందరూ పంచుకుంటే చాలా? చాలదు. 2024-25 ఆర్సెనల్‌నే తీసుకోండి. లీగ్‌లో 69 గోల్స్, టాప్ స్కోరర్ హావర్ట్జ్‌వి 9 మాత్రమే. నా లెక్కలో 60 మిగులుతాయి, చూడ్డానికి బాగానే ఉంది. కానీ 38 మ్యాచ్‌ల్లో 14 డ్రాలు. జీసస్, హావర్ట్జ్, సాకా గాయాలతో నెలల తరబడి దూరం కావడం ఒక కారణం. ఇంకో కారణం, 0-0 దగ్గర 80వ నిమిషంలో అర అవకాశాన్ని గోల్ చేసే మనిషి లేకపోవడం. మరుసటి వేసవిలో వాళ్లు స్ట్రైకర్ యోకెరెస్‌ని కొన్నది అందుకే. అవతలి జట్టు పదిమందిని వెనక్కి లాగి కూర్చున్నప్పుడు, ఎన్ని అందమైన పాస్‌లు వేసినా చివరికి ఒక్కడు ముక్కుసూటిగా తన్నాలి. ఈ విషయంలో ఒక్క స్కోరర్ మీద నడిచే జట్టుదే పైచేయి, ఒప్పుకుంటాను.

టాప్ స్కోరర్ క్లబ్ వదిలి వెళ్లిపోవడం, సీజన్ మధ్యలో గాయపడటం ఒకటి కావు. కేన్ బాయర్న్‌కి వెళ్లాక టాటెన్‌హామ్ 70 నుంచి 74 గోల్స్‌కి పెరిగి ఐదో స్థానంలో నిలిచింది. కొత్త కోచ్ దాడినంతా కొత్తగా కట్టుకున్నాడు. సన్ 17 కొట్టాడు. వెళ్లేవాడు వెళ్తాడని తెలిస్తే అలవాట్లు మార్చుకునే వ్యవధి ఉంటుంది. జనవరిలో గాయమైతే ఆ వ్యవధి ఉండదు.

జాతీయ జట్లకి ఇంకో చిక్కు, కొనుక్కోవడానికి వీల్లేదు. 2024 జూన్‌లో సునీల్ ఛేత్రీ 94 గోల్స్‌తో తప్పుకున్నప్పుడు మన జట్టు ఏమవుతుందోనన్న బెంగ నాకూ ఉండేది. ఆ ఏడాది భారత్ ఆడిన 11 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు, కొట్టినవి నాలుగే గోల్స్. అయితే అందులో ఛేత్రీ ఆడిన మ్యాచ్‌లూ ఉన్నాయి. ఆసియా కప్‌లో అతను ఉండగానే మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ రాలేదు. కొరత అతను వెళ్లాక పుట్టలేదు, ఏళ్లుగా అతని గోల్స్ వెనక దాగి ఉంది. 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో అతన్ని మళ్లీ పిలవాల్సి రావడం నాకు సంతోషం, బాధ రెండూ కలిగించింది.

ఇద్దరు స్ట్రైకర్ల జోడీ గురించీ కొందరు అడుగుతారు. బాగా కుదిరితే మంచిదే, కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఒక మనిషి తగ్గుతాడు. ఇప్పుడు పెద్ద జట్లలో అరుదు.

ఎంచుకోమంటే నా ఎంపిక ఇది: 20 గోల్స్ కొట్టే ఒక స్ట్రైకర్, అతని వెనక పది దాటే ఇద్దరు ముగ్గురు. డబ్బు ఒక్క ఆటగాడికే సరిపోతే, ముందు ఆ రెండో స్కోరర్‌నే కొంటాను. 2015-16లో లీసెస్టర్‌కి వార్డీ 24 కొట్టాడని అందరికీ గుర్తే, పక్కన మహ్రెజ్ 17 కొట్టకపోతే ఆ టైటిల్ వచ్చేది కాదని నా నమ్మకం.

మీ జట్టు సంగతి తేల్చుకోవాలంటే వచ్చే మ్యాచ్‌లో స్ట్రైకర్ మీద నుంచి కాసేపు చూపు తప్పించండి. వింగర్ క్రాస్ వేసే (పక్క నుంచి బంతిని గోల్ ముందుకి పంపే) క్షణంలో బాక్స్‌లో మీ జెర్సీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే ఆ స్ట్రైకర్ రెండు మ్యాచ్‌లు గోల్ కొట్టకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కటే ఉంటే, ఆరోజు అతను హ్యాట్రిక్ కొట్టినా సరే, నాకు ఫోన్ చేయండి.