కదిలే పళ్లు గట్టిపడతాయని పొడి అమ్ముతున్నారు, కొనకండి

మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. సంక్రాంతి తర్వాత రాజమండ్రిలో ఎగ్జిబిషన్‌కి వెళ్లి, ఒక స్టాల్‌లో ఎర్ర పళ్లపొడి కొంది. మూడు సీసాలు 600 రూపాయలు. వారంలో చిగుళ్ల రక్తం ఆగుతుందని, కదిలే పళ్లు గట్టిపడతాయని, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయిస్తే మాత్రం ఉన్న పళ్లు కూడా ఊడతాయని స్టాల్ అతను చెప్పాడట. ఆ చివరి మాటే మా కొంప ముంచింది.

అప్పటికే అమ్మ జామకాయ కొరికితే కొరికిన చోట రక్తం అంటేది. పొడి మొదలుపెట్టాక నిజంగానే తగ్గింది, మేమూ సంబరపడ్డాం. ఐదు నెలలు తిరిగేసరికి కింది ముందు పళ్లు రెండు నాలుకతో తోస్తే ఊగుతున్నాయి.

చిగుళ్ల డాక్టరుగారు గీతలున్న సన్నటి పుల్లలాంటిది పంటికీ చిగురుకీ మధ్య దించి చూశారు. మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదట, అమ్మకు 8 దిగింది. ఎక్స్‌రేలో ఆ రెండు పళ్ల చుట్టూ ఎముక సగానికి పైగా కరిగిపోయి ఉంది.

సీసా చూపిస్తే ఆవిడ విషయం చెప్పారు. పొడిలోని పటిక చిగురును బిగించి పైకి రక్తం కనపడనివ్వదు, లవంగ నూనె నొప్పి తెలియనివ్వదు. లోపల రోగం దాని దారిన అది పోతూనే ఉంటుంది. అసలు కారణం పాచి. అది గట్టిపడి గార కట్టిందంటే ఏ పొడికీ, ఏ బ్రష్‌కీ రాదు, స్కేలింగ్, అంటే డాక్టరు దగ్గర క్లీనింగ్, చేయించాల్సిందే. గార పోయాక పళ్ల మధ్య సందులు బయటపడతాయి కాబట్టి క్లీనింగ్ వల్లే పళ్లు వదులయ్యాయని జనం అనుకుంటారు. రక్తం వచ్చే దశలోనే వెళ్తే చిగుళ్లు పూర్తిగా బాగవుతాయి. ఎముక కరిగాక మాత్రం దాన్ని మునుపటిలా తేవడం కష్టం.

ఇంకో సంగతి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ ఒక పట్టాన దిగదు. ఆ ఐదు నెలలూ మాత్రలు వేసుకుంటున్నా ఎందుకు తగ్గట్లేదా అని మేం టెన్షన్ పడ్డాం.

రెండు పళ్లూ తీసేశారు. జామకాయ ముక్కలుగా కోసిస్తే దవడ పళ్లతో నములుతోంది.

సీసా మీద పటిక, లవంగం, మూలికలు అని తప్ప లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. కొనేటప్పుడు మేం చూడలేదు, మీరు చూడండి. తెల్ల మూత, ఎర్ర పొడి. తర్వాత కాకినాడ వెళ్తున్నామని ఆ స్టాల్ అతను అమ్మతో అన్నాడట.