చారు రంగు బరోలో, వేడెక్కిన రెడ్ వైను: ఇందిరానగర్‌లో ఓ ఇటాలియన్ రాత్రి

ముందే చెప్పేస్తున్నా, నేను వైన్ పండితుణ్ణి కాదు. మా వైపు ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి, కాబట్టి నాకొచ్చిన ఆ కాస్త ముక్కా బెంగళూరు వచ్చాకే అబ్బింది. మొన్న శనివారం ఇందిరానగర్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ వాళ్ళు ‘ఆరు ద్రాక్షలు, ఆరు ప్రాంతాలు’ అని డిన్నర్ పెట్టారు. మనిషికి 4,500, పైన టాక్సులు. భీమవరం నుంచి మా మేనత్త కొడుకు వచ్చి ఉన్నాడు, బావని వెంటేసుకుని వెళ్ళాను. రెస్టారెంట్ పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే తెలుస్తుంది. అలాగని తిట్టడానికి కూడా రాయడం లేదు, సగం రాత్రి నిజంగా బాగుంది.

ఇటలీలో మొత్తం 20 ప్రాంతాలు, ప్రతి దాంట్లోనూ వైన్ చేస్తారు, వాళ్ళ సొంత ద్రాక్ష రకాలే మూడు వందల యాభైకి పైన ఉంటాయి. కాబట్టి ఆరు గ్లాసుల్లో ఇటలీ అయిపోదు. కానీ ఎంచుకున్న ఆరూ బాగా ఎంచుకున్నారు, ఆ తెలివి ఎవరిదో గానీ వాళ్ళకి మార్కులు వేయాలి.

మొదట ప్రొసెక్కో, వెనెటో ప్రాంతంలోని కొనెలియానో, వాల్డొబ్బియాదెనె కొండల నుంచి. ద్రాక్ష పేరు గ్లెరా. 2009 దాకా ద్రాక్షనీ ప్రొసెక్కో అనేవాళ్ళు, తర్వాత ఆ పేరు ప్రాంతానికే ఉంచి ద్రాక్షని గ్లెరా అన్నారు. చల్లగా ఇచ్చారు, బుడగలు బాగున్నాయి, అంతకన్నా చెప్పడానికేం లేదు. పక్కన పెట్టిన అరంచీని, అంటే సిసిలీ వాళ్ళ అన్నం ఉండలు, చూడగానే బావ “పూర్ణాలేంటి బావా, కారంగా ఉన్నాయి” అన్నాడు. నూనెలో వేగిన దానికి ఈ బుడగల వైన్ బాగా కుదురుతుంది, నోట్లో జిడ్డు మిగలనివ్వదు. మిరపకాయ బజ్జీతో తాగాలని అప్పుడే అనుకున్నా.

రెండోది కంపానియా నుంచి ఫియానో ది అవెల్లీనో, తెల్లది. నాకు ఆ రాత్రికి ఇదే బెస్ట్. తేనె వాసన వస్తుంది కానీ తీపి ఉండదు, చివర్లో కాస్త చేదు తగులుతుంది, బాదం పొట్టు నమిలినట్టు. చేపతో వచ్చింది. నా గ్లాసు అయిపోయాక బావ గ్లాసు వైపు చూశాను, వాడు ఇవ్వలేదు.

మూడోది ఎట్నా రోస్సో. నెరెల్లో మస్కలేసె అనే ద్రాక్ష, సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలు మీద, నల్లటి లావా మట్టిలో పండుతుంది. అక్కడ తోటలు వెయ్యి మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. మనం కూర్చున్న బెంగళూరే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, అంటే వాళ్ళ తోటలూ మన ట్రాఫిక్కూ దాదాపు ఒకే ఎత్తు. పలచటి ఎరుపు, పుల్లగా, కాస్త పొగ వాసన. ఇక్కడి నుంచే గొడవ మొదలైంది, ఎందుకంటే వైన్ వెచ్చగా ఉంది. ఏప్రిల్ నెల, టెర్రస్, పైన ఫ్యాను కూడా అంతంత మాత్రం. రెడ్ వైన్ సీసాలన్నీ సాయంత్రం నుంచీ బల్ల మీద అలంకారానికి పేర్చి పెట్టారు.

వడ్డించే అబ్బాయిని పిలిచి కాస్త చల్లబరచమన్నాను. హిందూపురం కుర్రాడు, చక్కగా తెలుగులోనే, “సార్, రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లోనే ఇవ్వాల సార్” అన్నాడు. ఏ ఊరి రూమ్ నాయనా? ఆ మాట పుట్టింది యూరప్‌లో చలికాలం గదులు చూసి, 16, 18 డిగ్రీల లెక్కన. ఇక్కడ టెర్రస్ మీద సుళువుగా 28 ఉంటుంది. అంత వేడిలో ఏ రెడ్ వైన్ అయినా ఆల్కహాల్ ఘాటే ముందు ముక్కుకి కొడుతుంది, పండు వాసన వెనక్కి పోతుంది. కుర్రాడి తప్పు కాదు, వాడికి నేర్పినవాళ్ళది. చివరికి ఐస్ బకెట్ తెప్పించుకుని మా బల్ల వరకూ మేమే సీసాని పది నిమిషాలు ముంచాం, పక్క బల్లవాళ్ళు మొదట వింతగా చూసి తర్వాత మా బకెట్టే అడిగారు.

నాలుగోది కియాంటి క్లాసికో, టస్కనీ నుంచి, సాంజొవేసె ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి. 1716లోనే అక్కడి మెడిచి ప్రభువు మూడో కోసిమో ఈ ప్రాంతానికి హద్దులు గీసి ఆజ్ఞ ఇచ్చాడు. సీసా మెడ మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది. భీమవరం మనిషికి కోడిపుంజు చూపిస్తే ఊరుకుంటాడా? “కాకి బావా ఇది, కాకి!” అని లేచి నిలబడ్డాడు. నల్ల పుంజుని వాళ్ళ వైపు కాకి అంటారు కదా. ఆ పుంజుకి ఒక కథ ఉంది, చెప్పాను. ఫ్లోరెన్స్, సియెనా ఊళ్ళ మధ్య సరిహద్దు తగాదా. కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ ఒక్కో గుర్రపు రౌతు బయల్దేరాలి, ఇద్దరూ కలిసిన చోటే సరిహద్దు. సియెనా వాళ్ళు తెల్ల కోడిని బాగా మేపారు. ఫ్లోరెన్స్ వాళ్ళు నల్ల కోడిని చీకట్లో పెట్టి పస్తు ఉంచారు, ఆకలికి అది తెల్లారకముందే కూసేసింది, వాళ్ళ రౌతు సియెనా దగ్గరిదాకా వచ్చేశాడు. కథే అనుకోండి, కానీ బావ మాత్రం “పస్తు పెడితే దెబ్బలాడదు, కూస్తుందంతే” అని సీరియస్‌గా పాయింటు లాగాడు. వైన్ సంగతికొస్తే, పులుపు గట్టిగా ఉంది, టమాటా సాస్ వేసిన పాస్తాతో అతికినట్టు సరిపోయింది. చింతపండుతో పెరిగిన నాలుక కదా, ఈ పులుపు మనవాళ్ళకి వెంటనే నచ్చుతుంది.

ఇక్కడే ఒక చిన్న చిరాకు. పక్క బల్లలో ఒకావిడ మెనూలో ఉన్న వీనో నోబిలె ది మాంటెపుల్చానో గురించి అడిగితే, ‘మాంటెపుల్చానో అనే ద్రాక్షతో చేస్తారు’ అని హోస్ట్ చెప్పారు. కాదు. అది టస్కనీలో ఒక ఊరు, ఆ వైన్ చేసేది ప్రధానంగా సాంజొవేసెతోనే. మాంటెపుల్చానో ద్రాక్ష వేరే, అబ్రుత్సో ప్రాంతంలో ఎక్కువగా పండిస్తారు, మాంటెపుల్చానో ద అబ్రుత్సో అని రాసి ఉంటే అది. మనిషికి 4,500 తీసుకునేటప్పుడు ఈ మాత్రం తెలిసి ఉండాలి.

ఐదోది బరోలో. అందరూ దీనికోసమే వచ్చారు. పియెమోంటె ప్రాంతం, నెబ్బియోలో ద్రాక్ష, అమ్మకానికి ముందు కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇంత పేరున్న వైన్ చిక్కగా నల్లగా ఉంటుందనుకున్న బావ గ్లాసులో చూసి “చారు పోశారేంటి” అన్నాడు. నిజంగానే ఆ రంగే, పలచటి ఇటుక రంగు. వాసన గులాబీ, తారు అంటారు. ముక్కు పెట్టి చూస్తే నిజమే, కొత్తగా వేసిన రోడ్డు పక్కన గులాబీల బండి ఆగినట్టు. తాగితే మాత్రం చిగుళ్ళు బిగుసుకుపోయాయి. ఇంగ్లీషులో దీన్ని టానిన్ అని గంటసేపు వివరిస్తారు, మనకి ఒక్క మాట చాలు, వగరు. లేత జామపిందె కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో అదే. మటన్ తింటూ తాగితే ఆ వగరు తగ్గుతుంది. కానీ షెఫ్ గారు మనవాళ్ళకి నచ్చుతుందని మటన్‌లో ఎండుమిర్చి దట్టించారు, కారానికి ఆ వగరు కలిసి నోరు చేదెక్కింది. ఆ వంటకాన్ని కాస్త చప్పగా వదిలేసి ఉంటే ఈ రాత్రికి ఇదే మొదటి ర్యాంకు కొట్టేది.

ఆరోది అమరోనె అని మెనూలో ఉంది. వెనెటోలో కొర్వీనా మొదలైన ద్రాక్షల్ని కోసి, గాలి ఆడే గదుల్లో మూడు నాలుగు నెలలు ఆరబెట్టి, సగం ఎండాక రసం పిండి చేసే వైన్ అది, అందుకే ఖరీదు. మనకి వచ్చింది పూలియా నుంచి ప్రిమిటివో. చెప్పకుండా మార్చేశారు, అడిగితే స్టాక్ రాలేదన్నారు. ప్రిమిటివో చెడ్డదేం కాదు, కాలిఫోర్నియా జిన్‌ఫండెల్, ఇదీ ఒకటే ద్రాక్ష అని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది కూడా, జామ్‌లా తియ్యటి వాసన. కానీ అమరోనెకీ దీనికీ ధరలో తేడా ఉంది, ఆ తేడా బిల్లులో ఎక్కడా తగ్గలేదు. పైగా 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసేశారు, అది మాత్రం మెచ్చుకోవాలి. మీరూ అడగండి.

మర్నాడు నల్ల కోడిపుంజు సీసా ఒకటి షాపులో కొన్నాను, 3,900. దిగుమతి సుంకమే ఏళ్ల తరబడి 150 శాతం, ఇంకా రాష్ట్రం పన్నులు, మరి ఆ ధర ఉండకేం చేస్తుంది. సీసా మూత దగ్గర నంబరుతో కాగితం పట్టీ చూసి కొనండి, అది డీఓసీజీ వైన్లకి, అంటే ఇటలీలో అన్నిటికన్నా పై తరగతి వైన్లకి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ముద్ర, మన సీసాల మీద ఎక్సైజ్ స్టిక్కర్ లాగా. ఇంట్లో అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. గోంగూర మటన్‌తో పనికి రాలేదు, గోంగూర పులుపు ముందు వైన్ నీళ్ళయిపోయింది. కారం తగ్గించిన టమాటా కోడికూరతో మాత్రం సీసా ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు.

ఆ రెస్టారెంట్ వాళ్ళు వచ్చే నెల తెల్ల వైన్లతోనే ఇంకో రాత్రి పెడతారట. ఫియానో ఉంటే వెళ్తాను. ఈసారి మెనూలో రాసిన సీసాలు వచ్చాయో లేదో, అవి ఫ్రిజ్‌లో ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని.