బరువు నిలిపే సాన, మెరుపు పెంచే సాన

కొల్లూరు వజ్రాల గనుల కాలంలో మన సానకారులు రాయి బరువును ప్రాణంలా కాపాడేవారు. మచ్చ ఉన్నచోట చిన్న చిన్న ముఖాలు (చదును పలకలు) తీర్చి, ఆకారాన్ని వీలైనంత అలాగే ఉంచేవారు. యూరప్ బ్రిలియంట్ పద్ధతి వేరు. లోపలికి దిగిన వెలుగు అడుగు ముఖాలను తాకి మళ్లీ పైకే రావాలి. అందుకోసం ఎంత బరువునైనా వదులుకుంటారు.

కోహినూర్ రెండూ చూసింది. 1851 లండన్ ప్రదర్శనలో అది మెరవడం లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది ఆవిరియంత్రంతో తిరిగే సానచక్రం మీద మళ్లీ అరగదీశారు. ఇప్పటి కేరట్ల లెక్కలో 191 ఉన్న రాయి 105.6కు తగ్గిపోయింది! మెరుపు పెరిగిన మాట నిజమే. అయినా చరిత్ర మోసిన రాయికి పాత సానే న్యాయమని నా గట్టి నమ్మకం. ఆనాటి ముఖాల తీరు ఇప్పుడు అచ్చు నమూనాల్లోనే మిగిలింది. కొత్తగా చేయించే ఉంగరానికైతే బ్రిలియంటే సరి.