పాత బోర్డుకు కొత్త ప్రోగ్రామ్: తొమ్మిది పిన్నుల కేబులా, టీటీఎల్ మాడ్యూలా?

తిరుపతి చుట్టుపక్కల కళాశాలల్లో ప్రాజెక్టుల కాలం మొదలైతే చాలు, విద్యార్థులు నన్ను ఏటా ఇదే అడుగుతారు. బీరువాలోంచి తీసిన పాత మైక్రోకంట్రోలర్ బోర్డులోకి, అంటే 8051 బోర్డులోకో, ఎల్‌పీసీ2148 బోర్డులోకో సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాప్ నుండి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే, యూఎస్‌బీని పాత సీరియల్ పోర్టు వోల్టేజిలకు (ఆర్‌ఎస్‌-232) మార్చే తొమ్మిది పిన్నుల కేబుల్ కొనాలా, నేరుగా చిప్ వోల్టేజిలకే (టీటీఎల్) మార్చే బొటనవేలంత మాడ్యూల్ సరిపోతుందా అన్నది వారి సందేహం. చిత్తూరు దగ్గరి ఒక పాల సేకరణ కేంద్రానికి నేను పన్నెండేళ్ల క్రితం చేసి ఇచ్చిన తూకం డిస్‌ప్లే బోర్డులో లోడ్‌సెల్ (బరువును కొలిచే సెన్సర్) మారడంతో, గత నెల దాని ప్రోగ్రామ్ కూడా మార్చవలసి వచ్చింది. ఆ పనిలో రెండింటినీ ఒకే బోర్డు మీద వాడి చూశాను కనుక ఈసారి వివరంగా రాస్తున్నాను.

ధరలో మాడ్యూలే చవక. లోపలి చిప్ ఎఫ్‌టీ232 అయినా, సీపీ2102 అయినా, సీహెచ్340 అయినా ఈ పనికి చాలు. పాత పీఎల్2303 రకాలను మాత్రం కొత్త విండోస్ డ్రైవర్లు అంగీకరించవు.

నా దృష్టిలో ఎంపికను తేల్చేది ధర కాదు, వేగమూ కాదు. రీసెట్‌ను ఎవరు చేస్తారన్నదే. ఎల్‌పీసీ2148 రీసెట్ అయ్యే క్షణంలో పీ0.14 పిన్ను సున్నా వద్ద ఉంటేనే చిప్‌లోని బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌ను అందుకొనే చిన్న ప్రోగ్రామ్) మేలుకొని సీరియల్ తీగ వైపు చూస్తుంది. బోర్డు రూపకర్తలు చాలామంది ఈ రెండు పనులనూ తొమ్మిది పిన్నుల సాకెట్‌లోని డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే అదుపు తీగలకు అప్పగించారు. ప్రోగ్రామ్ ఎక్కించే ఫ్లాష్ మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐచ్ఛికాన్ని ఒకసారి ఎంచుకుంటే, ఆపై బోర్డు మీద చెయ్యి వేయనవసరం లేకుండానే ప్రోగ్రామ్ ఎక్కుతుంది. ఐదు పిన్నుల చవక మాడ్యూల్‌లో ఈ తీగలు బయటికే రావు. ప్రతిసారీ పీ0.14ను సున్నాకు దించే మీట నొక్కిపట్టి, రీసెట్ మీట నొక్కి వదలి, ఆ తరువాత మొదటిది వదలాలి. సాయంత్రం లోపు ముప్పైసార్లు ప్రోగ్రామ్ మార్చే విద్యార్థికి ఇది చిన్న బాధ కాదు.

8051 కుటుంబంలోని పీ89వీ51ఆర్‌డీ2 విషయం కొంత వేరు. ఫ్లాష్ మ్యాజిక్ అడిగినప్పుడు చేత్తో రీసెట్ నొక్కితే సరిపోతుంది కాబట్టి, ఇక్కడ మాడ్యూల్ చాలుననే నేనూ అనుకున్నాను. మాడ్యూల్ టీఎక్స్ (పంపే) తీగను చిప్ పదో పిన్నుకు, అంటే అందుకొనే పిన్నుకు కలిపి ఎన్నిసార్లు ప్రయత్నించినా బోర్డు బదులు పలకలేదు. కారణం పక్కనే సాకెట్‌లో కూర్చున్న మ్యాక్స్232, ఆర్‌ఎస్‌-232 వోల్టేజిలను చిప్ వోల్టేజిలకు మార్చే చిప్. దాని ఇన్‌పుట్‌కు ఏదీ తగిలించకపోతే లోపలి ఐదు కిలో ఓముల రెసిస్టరు దాన్ని భూమి వైపు లాగుతుంది, దాంతో, ఇన్‌పుట్‌ను తలకిందులు చేసి పంపే దాని అవుట్‌పుట్ ఎప్పుడూ ఐదు వోల్టుల వద్దే నిలిచి ఉంటుంది. మాడ్యూల్ అదే తీగను సున్నాకు దించాలని చూస్తే, ఇది పైకి పట్టుకుంటుంది. సన్నని స్క్రూడ్రైవరుతో మ్యాక్స్232ను సాకెట్‌లోంచి మెల్లగా లేపి తీసిన వెంటనే బోర్డు పలికింది. దాన్ని తిరిగి పెట్టి, కేబుల్ తగిలించి చూస్తే అప్పుడూ మొదటిసారే పలికింది. ఆ చిప్‌ను సాకెట్ లేకుండా నేరుగా సోల్డర్ చేసిన బోర్డులూ ఉన్నాయి. వాటితో మాడ్యూల్ వాడదలచినవారు ట్రాక్ కోయవలసి వస్తుంది, అది నేను ఎవరికీ సలహా ఇవ్వను.

కాబట్టి బోర్డుకు తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంటే నా ఓటు కేబుల్‌కే. కేబుల్ కొనలోని పిన్నులను మాత్రం చిప్ కాళ్లకు నేరుగా కలపకూడదు, ఆ వోల్టేజికి చిప్ పోతుంది. ఆరు పిన్నుల హెడర్ ఉన్న పాత ఆర్డుయినో తరహా బోర్డులకైతే డీటీఆర్ పిన్ను ఉన్న మాడ్యూలే సరైనది.

సీరియల్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ దొరికితే అదీ బాగానే పనిచేస్తుంది. 8051 కుటుంబంలోనిదే అయినా ఏటీ89ఎస్52 బోర్డులకు ఇవేవీ పనికిరావు. ఆ చిప్‌లో సీరియల్ బూట్‌లోడర్ లేదు, ఎస్‌పీఐ అనే వేరే తీగల ద్వారా ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం (ఎస్‌పీఐ ప్రోగ్రామర్) కావాలి.

కేబుల్ కోసం చెన్నై రిచీ స్ట్రీటు దాకా వెళ్లేవారు ల్యాప్‌టాప్, మల్టీమీటర్ వెంట తీసుకువెళ్లండి. కేబుల్‌ను తగిలించి, ఏదైనా టెర్మినల్ ప్రోగ్రామ్‌లో పోర్టును తెరిచి, నల్ల తీగను ఐదో పిన్నుకూ ఎర్ర తీగను మూడో పిన్నుకూ ఆనిస్తే, మైనస్ ఐదు వోల్టులో అంతకన్నా కిందికో చూపాలి. సున్నా చూపిందంటే అది నిజమైన ఆర్‌ఎస్‌-232 కాదు. మ్యాక్స్232 ఉన్న బోర్డుతో అదీ ఒక్కోసారి నెట్టుకువస్తుంది గానీ, రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి రుణ వోల్టేజిని కంప్యూటర్ తీగ నుండే అరువు తెచ్చుకొనే పాత బోర్డుల దగ్గర దాన్ని నమ్మలేం. అలాంటిదాన్ని అక్కడే తిరిగి ఇచ్చేసి మరొకటి అడగండి.