సెల్వెడ్జ్ జీన్సా, స్ట్రెచ్ జీన్సా?

హన్మకొండలో జీన్స్ కొనేముందు కాలి అంచు తిరగేసి పక్క కుట్టు చూడండి.

సెల్వెడ్జ్: కత్తిరించని గుడ్డ అంచు, తెల్ల పట్టీలా, తరచూ ఎర్ర పోగుతో.
మామూలు స్ట్రెచ్: కోసిన అంచు మీద ఓవర్‌లాక్ కుట్టు.

కొత్తవాడ జంపఖానా మగ్గాలు చూసినవాళ్లకు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) కొత్త కాదు. సెల్వెడ్జ్ నేసే షటిల్ మగ్గంలో నాడె అటూ ఇటూ తిరుగుతూ పేకను అంచు దగ్గర మడుస్తుంది. పన్నా సుమారు 30 అంగుళాలే, నేత నెమ్మది. ధర ఎక్కువ కావడానికి అదే కారణం. పడుగును నీలిమందులో ముంచి, గాలికి పెట్టి, మళ్లీ ముంచుతారు. అయినా పోగు లోపల తెల్లగానే ఉంటుంది. అందుకే పై రంగు అరిగేకొద్దీ మోకాళ్ల దగ్గర, జేబులో ఫోన్ పెట్టే చోట మీ వాడకమే గుడ్డ మీద తేలుతుంది. నాకు ప్రాణం అక్కడే.

శ్రమ: ఉతకని సెల్వెడ్జ్ మొదట్లో బిర్రుగా ఉంటుంది, తడిస్తే కుంచించుకుపోతుంది, తెల్ల చొక్కాకు రంగు అంటిస్తుంది. స్ట్రెచ్‌తో ఆ టెన్షన్ లేదు.

రిస్క్: స్ట్రెచ్‌లో కాస్త ఎలాస్టేన్ అనే సాగే పోగు ఉంటుంది, అది చచ్చిపోతే మోకాళ్లు ఉబ్బుతాయి. ఇక సెల్వెడ్జ్ అంచు ఉన్నంత మాత్రాన గుడ్డ మంచిదని కాదు, చేత్తో పట్టి చూడాలి.

మే ఎండల్లో పరకాల నుంచి రోజూ బైక్ మీద తిరిగేవాళ్లకు పలచని స్ట్రెచ్ నయం. ఒకే జత ఏళ్ల తరబడి తొడగాలనుకుంటే 12 ఔన్సుల (చదరపు గజం గుడ్డ బరువు) సెల్వెడ్జ్, చలికాలంలో మొదలుపెట్టండి.