రామగిరి ఖిల్లాకు ఒక్కరే పోతే: రూము, నీళ్లు, తోడు మనిషి

"ఒక్కరికి రూమియ్యం సార్." రామగిరి ఖిల్లా చూద్దామని ముందు రాత్రే పెద్దపల్లి వైపు చేరుకునే ఒంటరి మనిషికి చిన్న లాడ్జీల్లో ఎదురయ్యే మొదటి మాట ఇదే. చేతిలో ఆధార్ ఉంటుంది, జేబులో డబ్బు ఉంటుంది, లోపల తాళాల బోర్డుకు సగం తాళాలు వేలాడుతూ కనబడుతూనే ఉంటాయి. అయినా కౌంటర్ దగ్గరి మనిషి తల ఎత్తడు. ఎందుకయ్యా అంటే నసుగుతాడు. ఒంటరిగా దిగినవాళ్లు లోపల ఏమన్నా చేసుకుంటే తాము ఠాణా చుట్టూ తిరగాల్సి వస్తుందని వాళ్ల భయం. ఆ భయాన్ని తప్పు పట్టలేం. ఆ భయాన్ని రేటుగా మార్చడమే దుర్మార్గం. గోడ మీద నాన్ ఏసీ 900 అని రాసి ఉన్న చోట, ఒక్కరే అని తెలియగానే 1,400 అన్నారు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. పొద్దున వేడినీళ్లకు బకెట్‌కు ఇంకో 30. బస్సు దిగి, అలసిపోయి, రాత్రి తొమ్మిదింటికి వేరే చోటు వెతుక్కోలేని మనిషి దగ్గర గుంజిన డబ్బది.

అందుకే పెద్దపల్లిలో మకాం పెట్టాలనుకుంటే పొద్దుండగానే, సాయంత్రం ఐదులోపు, చేరండి. పోయే ముందు ఫోన్ చేసి "సింగిల్‌కు ఇస్తారా, ఎంత" అని రెండూ ఒకేసారి అడగండి. ఆధార్ జిరాక్సులు రెండు దగ్గర పెట్టుకోండి. ఇంటి మనిషి ఫోన్ నంబర్ రిజిస్టర్‌లో మీరే రాయండి, కావాలంటే అక్కడే కలిపి మాట్లాడించండి. సగం లాడ్జీల్లో దీంతో పని అవుతుంది. ఆ తిప్పలు వద్దనుకుంటే కరీంనగర్‌లోనో గోదావరిఖనిలోనో దిగడం నయం. గోదావరిఖనికి కంపెనీ పనుల మీద ఒంటరిగా వచ్చిపోయే మనుషులు ఎక్కువ కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు. 1,100కు శుభ్రమైన రూము, వేడినీళ్లు, రసీదు దొరికాయి. హనుమకొండ, కాజీపేట వాళ్లకైతే రూమే అక్కర్లేదు. బల్లార్షా వైపు పోయే పొద్దుటి బండి ఎక్కి పెద్దపల్లిలో దిగితే రోజు సరిపోతుంది, చలికాలంలో కొంచెం ఉరకాల్సి వస్తుంది, అంతే.

పెద్దపల్లి నుంచి మంథని రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల దూరంలో బేగంపేట. ఖిల్లా ఉన్న గుట్ట అక్కడే. మంథని బస్సెక్కి దిగిపోవచ్చు. తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు లేదు, ఇక్కడి చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే చాలు. ఆటో మాట్లాడుకుంటే రానుపోను, వెయిటింగ్‌తో కలిపి 1,200 అంటారు, 800కు ఒప్పుకుంటారు. పొద్దున ఆటో, సాయంత్రం బస్సు అన్నది మంచి లెక్క. పొద్దున గంట కలిసొస్తుంది, మీరు పైన ఉన్నంతసేపూ కింద ఎవరూ హారన్ కొట్టరు. ఆటోవాలాకు ముందే మొత్తం డబ్బు మాత్రం ఇవ్వకండి.

రోజంతా లేదు, సగం పూటే ఉందనుకునేవాళ్లు రామగిరి జోలికి రావద్దు. వాళ్లకు ఎలగందుల ఉంది. కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో, మానేరు ఒడ్డున. గంటన్నరలో చూసి దిగొచ్చు. పైన 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు మీనార్లు ఉంటాయి. ఇంకొంచెం కాళ్లకు పని చెప్పాలంటే శంకరపట్నం మండలంలోని మొలంగూర్. ఓరుగల్లుకూ ఎలగందులకూ మధ్య మజిలీగా, ప్రతాపరుద్రుడి అధికారి వొరగిరి మొగ్గరాజు కట్టించాడని చెప్పే కోట. కింద దూద్ బావి, పైకంతా నల్లరాతి బండ. ఎండ పొద్దున ఆ బండ మీద చెప్పు జారదు, వాన పడితే అడుగు వేయొద్దు. ఈ రెండూ చూసినవాళ్లు "కోటలంటే ఇంతే కదా" అనుకుని రామగిరికి రెండు గంటలు పెట్టుకుని వస్తారు. అక్కడే దెబ్బ తింటారు.

రామగిరి పెద్దది. ఒక శిఖరం మీద కూర్చున్న కోట కాదిది, గుట్టల వరుసను చుట్టుకుని పోయింది. ఒక దర్వాజ దాటగానే వచ్చేశామనిపిస్తుంది, ముందు ఇంకో వాలు, ఇంకో దర్వాజ. మామూలు నడకకు కింది నుంచి కోట గోడలు దాటి లోపలికి చేరడానికి గంటన్నర, లోపల తిరగడానికి మూడు గంటలు, దిగడానికి గంటంపావు పెట్టుకోవాలి. పొద్దున ఆరున్నరకు అడుగు వేస్తే పన్నెండున్నరకు కింద ఉంటారు. తొమ్మిదింటికి మొదలుపెట్టినవాళ్లు దిగేటప్పటికి ఎండ నెత్తి మీద ఉంటుంది. రామగుండం చుట్టుపక్కల మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే, మార్చి తర్వాత ఈ గుట్ట పేరే ఎత్తొద్దు. శ్రావణంలో జనం బాగా వస్తారు, దారి తప్పే భయం ఉండదు, కానీ రాళ్ల మీద పాకుడు. నవంబరు నుంచి ఫిబ్రవరి నడుమ మంచి కాలం.

ఇక్కడి రాయి గురించి చెప్పకుండా ముందుకు పోలేం. మొలంగూర్‌లో లాగా ఏకబండ కాదు, ఇసుకరాయి. చాలా చోట్ల దానిలో గులకరాళ్లు పొదిగి ఉంటాయి, కొబ్బరి లౌజులో పలుకుల్లా. ఏళ్ల తరబడి వానకు ఇసుక కరిగి గులకలు ఊడి దారిలో పడతాయి. వేరుశెనగ గింజ నుంచి నిమ్మకాయ అంత వరకు, నున్నగా. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు. దిగేటప్పుడు మడమ వాటి మీద పడిందంటే కాలు ముందుకు, మనిషి వెనక్కి. ఇక్కడ జరిగే దెబ్బల్లో ఎక్కువ ఇవే: అరచేయి చీరుకోవడం, చీలమండ మెలిక పడటం. అడుగున గాట్లున్న బూట్లు వేసుకోండి, రన్నింగ్ షూ అరిగిపోయి ఉంటే అసలు వద్దు. దిగేటప్పుడు అడ్డంగా, పక్కకు తిరిగి, చిన్న అడుగులు. ఒక కర్ర దొరికితే సగం బరువు తగ్గినట్టే.

ఇప్పుడు తోడు మనిషి సంగతి. ఒంటరి ప్రయాణమని పేరు పెట్టుకున్నా, గుట్ట మీద మాత్రం ఊరి మనిషి ఒకరు ఉండాలి. దీని మీద బేరం లేదు. దారి చూపే బోర్డులు ఆశపడకండి. పశువుల బాటలు, మేకల బాటలు అసలు దారిని అన్ని వైపులా చీలుస్తాయి. గడ్డి నడుము లోతు పెరిగిన నెలల్లో ఏది మెట్టో ఏది గుంతో తెలియదు. గుట్ట వెనక వైపు ఫోన్ సిగ్నల్ నిలవదు. ఊళ్లో చాయ్ తాగే చోట అడిగితే మేకలు కాసేవాళ్లు, మందు చెట్లు తెలిసిన పెద్దమనుషులు ఎవరో ఒకరు వస్తారు. పూటకు 500 అడుగుతారు. 700 ఇవ్వండి. తిండి పంచుకోండి. రూములో గుంజిన 500 గుర్తొస్తే ఇది ఖర్చే అనిపించదు. ముందే స్పష్టంగా చెప్పాల్సింది ఒకటుంది: "చివరి దాకా పోవాలె, ఫిరంగుల కాడికి, కొలను కాడికి." లేకపోతే మొదటి దర్వాజ దగ్గరే "ఇగ పైన ఏముంటది సారూ" అని తిప్పేసే కుర్రాళ్లూ ఉన్నారు.

మందు చెట్లు తెలిసిన మనిషి దొరికితే అదృష్టం. ఆయుర్వేదం, వృక్షశాస్త్రం చదివే పిల్లలు ఈ గుట్టకు వెతుక్కుంటూ వచ్చేది అందుకే. తిప్పతీగ, నల్లేరు, అడ్డసరం, తానికాయ చెట్టు, వీటిని ఆకు తుంచి వాసన చూపించి చెబితే గుర్తుండిపోతాయి. ఆయన దూరం నుంచే చేయి అడ్డం పెట్టి ఆపేది మాత్రం దూలగొండి దగ్గర. చలికాలంలో ఆ కాయలు ఎండి, మీద బంగారు రంగు నూగుతో మెరుస్తూ దారికి అడ్డంగా వేలాడతాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. తగిలితే మంట, దద్దుర్లు. చేత్తో రుద్దారో నూగు ఇంకా లోపలికి దిగుతుంది, నీళ్లు పోసి తోమినా పాకుతుంది. ప్లాస్టరో సెల్లోటేపో చర్మం మీద అంటించి పీకేయాలి, రెండు మూడు సార్లు. కడగడం ఆ తర్వాతే. బ్యాగులో చిన్న టేపు చుట్ట పెట్టుకోండి. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. బండల అంచులకు పెద్ద తేనెపట్లు కనబడితే కింద అరవకండి, బీడీ ముట్టించకండి, సెంటు కొట్టుకుని అసలు రావద్దు.

కోట చదవడానికి ఒక చిన్న కిటుకు. సున్నం లేకుండా, పెద్ద పెద్ద రాళ్లను చెక్కి ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ కనబడితే అది సాధారణంగా పాత పని. చిన్న రాళ్లు, మధ్యలో సున్నం, పైన కమాను, తుపాకీ పెట్టే సందులు కనబడితే తర్వాతి సుల్తానుల కాలపు పని. రెండూ ఒకే గోడలో కలిసిన చోట నిలబడి అతుకు మీద చేయి పెట్టండి. కింది రాయి అంచు ఇంకా పదునుగా తగులుతుంది, పైది గోటికి పొడి రాలుతుంది. రాతికి వరుసగా నలుచదరపు గుంతలు కనబడితే అవి ఉలి దెబ్బలు. వాటిలో చీలలు బిగించి బండను పగలదీసేవారు. రాయి ఎక్కడిదో కాదు, ఈ గుట్టదే.

ఈ సీమ కథ హనుమకొండ వేయి స్తంభాల గుడి శాసనంలో మొదలవుతుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు వేయించిన ఆ శాసనంలో మంత్రకూటం దొర గుండడి ఓటమి ఉంది. మంత్రకూటమంటే ఇప్పటి మంథని, ఇక్కడికి దగ్గరే. పట్టుబడిన గుండడికి తల గొరిగించి, రొమ్ము మీద వరాహ ముద్ర వేశారని రాశారు. ఐదు వందల ఏళ్ల తర్వాత, 1656లో, అబ్దుల్లా కుతుబ్ షా ఔరంగజేబుతో సంధి చేసుకున్నప్పుడు రామగిరి సీమ గోల్కొండ చేజారి మొగలులకు పోయింది. వనవాసంలో సీతారాములు ఇక్కడ ఉన్నారని ఊరివాళ్లు చెబుతారు, కొలను దగ్గరికి రాగానే చెప్పులు విడుస్తారు. మీరూ విడవండి.

ఆ కొలను నీళ్లు మాత్రం తాగకండి. పైన తాగేనీళ్లు లేవనుకునే బయలుదేరాలి. చలికాలంలోనూ మనిషికి నాలుగు లీటర్లు. అందులో ఒక లీటరులో ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి పూర్తిగా కలపండి, సగం సగం కాదు. దూప అయ్యాక తాగితే ఆలస్యమైనట్టే, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. సగం నీళ్లు అయిపోయిన చోటి నుంచి వెనక్కి తిరగాలి, ఫిరంగి ఎంత దగ్గరున్నా సరే. తినడానికి సర్వపిండి బాగుంటుంది, రాత్రి కాల్చింది మధ్యాహ్నం దాకా చెడదు. బ్యాగులో నలిగినా తినొచ్చు.

మనసు విరిగేది గుప్తనిధుల గుంతల దగ్గర. గోడ మొదట్లో, గడప రాయి కింద, మనిషి లోతు తవ్వి వదిలేశారు. రాయి కదిలించిన చోట పైన గోడ కడుపు ఉబ్బింది. అది ఇంకో రెండు వానలు తట్టుకోదు. తోడొచ్చిన మనిషి అప్పటిదాకా చెట్ల పేర్లు చెబుతూ హుషారుగా నడిచినవాడు, ఆ గుంత దగ్గర మాట ఆపేశాడు. మళ్లీ దిగేదాకా పెద్దగా మాట్లాడలేదు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాతిని ఒక రాత్రిలో గడ్డపారతో పెకిలించారు, దొరికిందేమిటంటే మట్టి. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఇంకో ప్రమాదం, ఆకులు పడి ఈ గుంతలు మూసుకుపోయి ఉంటాయి. గోడ వారగా, బురుజు మొదట్లో, కర్రతో పొడిచి చూడకుండా కాలు పెట్టకండి. కొత్తగా తవ్విన మట్టి కనబడితే ఫోటో తీసి 112కు చెప్పండి. తోడు మనిషి పేరు మాత్రం చెప్పొద్దు, అతను ఆ ఊళ్లోనే బతకాలి.

దిగేదారి ఎక్కినదారిలా కనబడదు. ఎక్కేటప్పుడే ప్రతి దర్వాజ దాటాక వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. సాయంత్రం నాలుగు తర్వాత పైన ఉండకండి, ఎలుగులు తిరిగే సీమ ఇది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి, జిల్లా ఆసుపత్రికే పోవాలి.

భోజనం పొద్దున ఎక్కే ముందే ఊళ్లో ఏదో ఒక ఇంట్లో చెప్పి పోవాలి, తోడొచ్చే మనిషే మాట్లాడతాడు. 120 రూపాయలు. రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, అన్నం, పచ్చిపులుసు. గుట్ట దిగి, ఒంట్లో ఉప్పంతా చెమటగా పోయాక, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు తేలుతున్న ఆ చింతపండు నీళ్లు గిన్నెతో ఎత్తి తాగితే ఓఆర్‌ఎస్ ఎందుకు కలిపామా అనిపిస్తుంది. ఆ ఇంటి అవ్వ రెండోసారి పోస్తూ "ఇంకింత పోసుకో బిడ్డా, ఎండల తిరిగినవ్" అంది. ఆమె డబ్బు ముందు అడగలేదు, తర్వాత లెక్కపెట్టలేదు. ఈ మొత్తం ప్రయాణంలో రసీదు లేకుండా ఇచ్చినందుకు బాధ పడని డబ్బు అదొక్కటే.

తిరుగు బస్సుకు రోడ్డు మీద నాలుగింటికల్లా నిలబడితే పెద్దపల్లిలో సాయంత్రం బండి అందుతుంది.