సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? వీల్ లాక్ నట్టు కీ చేతికి వచ్చాకే మిగతా డబ్బులివ్వండి

అల్లాయ్ వీల్స్ ఉన్న పాత కారుకి బేరం ఆడుతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. చక్రానికి ఉన్న నట్లలో ఒకటి మిగతావాటిలా ఆరు పలకలుగా కాకుండా, గుండ్రంగా, వంకర గాడితో కనిపిస్తే అది లాక్ నట్టు. చక్రాలు ఎవరూ విప్పుకుపోకుండా పెట్టేది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే చిన్న అడాప్టర్ ఒకటి ఉంటుంది, దాన్నే కీ అంటారు. అది లేకపోతే ఆ నట్టు ముందు దొంగా ఒకటే, ఓనరూ ఒకటే.

హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఐ20 కొన్నాను. అల్లాయ్స్ పాత ఓనర్ బయట వేయించినవి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, సర్వీసు రికార్డు అన్నీ పక్కాగా చూపించాడు. డిక్కీ తీసి స్టెప్నీ, జాకీ, వీల్ పానా కూడా చూపించాడు. కీ మాట మాత్రం ఎత్తలేదు.

విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ముందు టైరు సైడ్ వాల్ (పక్క భాగం) చీరింది. మేకు దిగితే ట్యూబ్‌లెస్ టైరుకి చక్రం విప్పకుండానే పంక్చర్ వేసేస్తారు. సైడ్ వాల్ పోతే స్టెప్నీ ఎక్కించాల్సిందే. మూడు నట్లు హాయిగా వచ్చాయి. నాలుగోది చూసి పంక్చర్ షాపు కుర్రాడు “అన్నా, ఇది లాక్ నట్టు, కీ ఇయ్యి” అన్నాడు. డ్యాష్‌బోర్డు అర, సీట్ల కింద, స్టెప్నీ గుంట అన్నీ వెతికాం. లేదు. డీలర్‌కి ఫోన్ చేస్తే “మా దగ్గరికి వచ్చినప్పుడే లేదు సార్, పాత ఓనర్ ఇవ్వలేదు” అన్నాడు, ఫ్లోర్ మ్యాట్ సంగతి చెప్పినంత మామూలుగా. అంటే తెలుసు. తెలిసే అమ్మాడు. నాకు మండింది అక్కడే.

కుర్రాడు తనకు తెలిసిన పద్ధతి మొదలుపెట్టాడు. నట్టు కంటే రవ్వంత చిన్న సైజు పాత సాకెట్‌ని (నట్టు మీద తొడిగి తిప్పే గొట్టంలాంటి పానా) సుత్తితో దిగ్గొట్టి, పొడవాటి రాడ్డుతో తిప్పడం. మామూలు లాక్ నట్లకు ఇది చాలాసార్లు పనిచేస్తుంది. నా ఖర్మకి, దాని చుట్టూ వదులుగా తిరిగే రింగు ఉంది. సాకెట్ ఆ రింగుని పట్టుకుని గిరగిరా తిరిగింది తప్ప లోపల నట్టు కదల్లేదు. సుత్తి జారి అల్లాయ్ మీద గీతలు పడ్డాయి. ఇంతలో గుమిగూడినవాళ్లలో ఒకాయన “పైన ఇంకో నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టిస్తే అయిపోతుంది కదా” అన్నాడు. వద్దన్నాను. మీరూ ఒప్పుకోకండి. గాలి ఉన్న టైరుకి చక్రం దగ్గర అంత వేడి తగిలితే టైరు పేలి మనుషులు పోతారు. గాలి లేకపోయినా పక్కనే హబ్ బేరింగు, బ్రేకుల ఏబీఎస్ సెన్సార్ వైరు ఉంటాయి, ఆ వేడికి అవి పాడవుతాయి.

చివరికి బండిని టో చేయించి ఊళ్లో గ్యారేజీకి చేర్చాను. అక్కడి మేస్త్రి దగ్గర దీనికోసమే చేసిన సెట్టు ఉంది. ముందు ఉలితో బయటి రింగు పగలగొట్టి తీసేశాడు. తర్వాత లోపల ఎడమవైపు మరలు ఉన్న సాకెట్ ఒకటి బిగించాడు. విప్పే వైపు తిప్పేకొద్దీ ఆ మరలు నట్టుని ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. టప్ మని శబ్దం వచ్చి వదిలింది. మిగతా మూడు చక్రాలవీ అక్కడే తీయించి మామూలు నట్లు వేయించాను. ఇక్కడ ఒక మాట: నట్టు ఎక్కేది హబ్‌లోంచి బయటికి ఉండే స్టడ్డు మీద. నా ఐ20 లాంటి హ్యుందాయ్ స్టడ్డు మర 12×1.5, మారుతిది 12×1.25 (మొదటిది లావు, రెండోది మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తప్పుది పెట్టి బలవంతంగా బిగిస్తే స్టడ్డు మర పోతుంది, అప్పుడు హబ్‌లోంచి స్టడ్డే కొట్టి మార్చాలి.

డీలర్‌ని ఖర్చు అడిగితే ఒకసారి ఫ్రీగా వాటర్ వాష్ చేయిస్తానన్నాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

కొనేవాళ్లు ఇంజన్ చప్పుడు వింటారు, పెయింటు చూస్తారు, టైర్ల అరుగుదల చూస్తారు. దాంతోపాటు నాలుగు చక్రాల నట్లూ వంగి చూడండి. లాక్ నట్టు ఉంటే కీ అడిగి, మీ ఎదుటే నాలుగు చక్రాలకూ పెట్టి వదులు చేయించండి. ఒక చక్రానికి సరిపోయింది కదా అని ఆగొద్దు, మధ్యలో ఎవరో నట్లు మార్చి ఉంటే ఒకే కీ అన్నిటికీ రాదు. కీ అంచులు అరిగి గుండ్రమైపోయి ఉన్నాయేమో కూడా చూడండి. టైర్ షాపుల్లో గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్ను పెట్టి లాగితే అలాగే పాడవుతుంది, లాక్ నట్టుని చేతి పానాతోనే విప్పాలి, బిగించాలి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బళ్లలో నట్లకు బదులు బోల్టులు ఉంటాయి, సమస్య మాత్రం ఇదే. కీ మీద కోడ్ నంబరు ఉంటే ఫోటో తీసి ఉంచుకోండి, పోయినా ఆ నంబరుతో ఇంకోటి తెప్పించుకునే వీలుంటుంది.

కీ తర్వాత కొరియర్ చేస్తానని డీలర్ అంటే, అది వచ్చేదాకా బండీ మిగతా డబ్బూ ఎక్కడివి అక్కడే ఉండనివ్వండి. లేదా లాక్ నట్లన్నీ అతని ఖర్చుతోనే తీయించి మామూలువి వేయమనండి, అది ఇంకా మంచిది.